చేపల వరసలో జమిర్దో ఆకు

బిల్డోరా జమిర్దో ఆకు అమ్ముతుంది గాని నోట పెట్టదు. చిన్నప్పుడు వాళ్లమ్మ ఆ ఆకులో అల్లమూ ఎండుచేప పచ్చడీ కలిపి బలవంతాన ఒక ముద్ద తినిపిస్తే, అంతకుముందు తిన్నది కూడా కక్కేసింది. ఆ ఆకు వాసన పచ్చిచేపలు కడిగిన నీళ్ల వాసన. ఊరంతా లొట్టలేసుకుంటూ తినే ఆ ఆకు ఆమెకు మాత్రం పడదు. అలాంటి మనిషి ఇరవై రెండేళ్లుగా షిల్లాంగ్ పెద్దబజారులో అదే ఆకు అమ్ముకుని బతికింది, కూతుర్ని నర్సుని చేసింది.

"నాకు పడనంత మాత్రాన దీనికి దండం పెట్టుకోకుండా ఉంటానా? అన్నం పెట్టింది ఇదే కదా" అంటుంది ఎవరడిగినా.

ఆమె ఊరు ఉమ్‌రిన్. సోహ్రా రోడ్డు మీద బస్సు దిగి, రాతిమెట్ల మీదుగా లోయలోకి అరగంట నడవాలి. ఆరుగురు పిల్లల్లో ఆమె మూడోది. ఇల్లు కడగొట్టు చెల్లెలిది, ఆఖరి ఆడపిల్లకే ఇల్లు రావడం వాళ్లలో ఎప్పుడూ ఉన్న పద్ధతే, దాని మీద ఆమెకు బాధేమీ లేదు. మొగుడు షెంఫాంగ్ బొగ్గు లారీ నడిపేవాడు. ఒక వానాకాలం జయంతియా కొండల వైపు వెళ్లి, అక్కడే ఇంకో ఇంట్లో చొక్కా తగిలించుకున్నాడు. అప్పటికి కూతురు డఫిషాకి నాలుగేళ్లు.

మేనమామ టైబోర్ ఆమెను వెంటబెట్టుకుని వాగు పక్కకు తీసుకెళ్లాడు. వాళ్ల వంశానికున్న భూమిలో ఎవరూ కోరుకోని ముక్క అది. ఏడాది పొడుగునా ఊట ఊరుతూనే ఉంటుంది.

"బంగాళదుంప వేస్తే కుళ్లిపోద్ది. ఆవు దిగితే నలుగురు మోసుకు రావాలి. అయినా నీకు కావాలంటే తీసుకో తల్లీ, అడ్డు చెప్పేవాడు లేడు" అన్నాడు.

బిల్డోరా చూసింది. బురద నిండా హృదయం ఆకారపు ఆకులు, ఎర్రటి కాడలు, మధ్యమధ్య తెల్లటి పూలు. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. ముక్కుకి పైట అడ్డం పెట్టుకుని నవ్వేసింది.

"మామా, పోయిపోయి నాకు ఇదే రాసిపెట్టుందా!"

ఊళ్లో ఆ ఆకు ఎవరూ కొనరు, వాగు గట్టున ఊరికే దొరుకుతుంది. కానీ పట్నంలో వాళ్లకి వాగులేవి? మర్నాడు తెల్లవారకముందే గంప నిండా ఆకు కోసి, కడిగి, కట్టలు కట్టి, గంప తాడు నుదుటికి తగిలించుకుని బస్సెక్కింది.

బజారులో ఎక్కడ దించినా తరిమారు. కూరగాయల వాళ్లు ఇది మా వరస అన్నారు. తమలపాకుల వాళ్లు అసలు మాట కూడా ఆడలేదు. గంప మోసుకుని మూడు వరసలు తిరిగేసరికి మెడ పట్టేసింది. చివరికి ఎండుచేపల వరసలో ఒక లావుపాటి ఆవిడ తన తట్టని మూరెడు లోపలికి లాక్కుంది.

"చేపకంపు పక్కన చేపకంపే కదా. కూర్చో."

ఆవిడ పేరు లసారా. షిల్లాంగ్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. బిల్డోరా కన్నా పదేళ్లు పెద్ద. వక్క, తమలపాకు నములుతూ, "లేతదేనా ఆకు?" అని అడిగింది.

"తెలీదక్కా. నేను తినను."

లసారా నమలడం ఆపింది. "ఏంటీ?"

"వాసన పడదు."

లసారా నవ్విన నవ్వుకి వరస వరసంతా ఇటు తిరిగింది. "వినండర్రా! తినలేనిది తెచ్చి మనకి అమ్ముతుందంట!" అంటూనే నోట్లో వక్క ఉమ్మేసి, ఒక కొమ్మ తుంచి నమిలింది. "ముదిరిపోయింది. గట్టు పక్కది కోశావు కదూ? రేపు నడి బురదలోది కొయ్యి, చిగుళ్లు మాత్రమే."

ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా మొదటి కొమ్మ లసారక్క నోట్లోకే. ఆవిడ బాగుందంటే పైన పెట్టేది, చేదంటే పక్కన పడేసేది. ఆ పక్కన పడేసిన వాటిని, వేళ్లతో సహా తెచ్చినవాటిని, కడుపునొప్పికి మందిచ్చే వైద్యులు పట్టుకెళ్లేవాళ్లు. ఒకసారి బంగళా ఇల్లాలొకావిడ, కొలను చుట్టూ అందంగా ఉంటుందని వేళ్లున్నవి అడిగి మరీ కొనుక్కుంది. ఏడాది తిరిగేసరికి మండిపడుతూ వచ్చింది.

"మీ మొక్క మా తోటంతా ఆక్రమించింది! పీకితే ఇంకా ఎక్కువ వస్తోంది!"

"బతకలేదని అడిగేవాళ్లని చూశాం గాని, బతికిందని పోట్లాటకొచ్చిన దానివి నువ్వేనమ్మా" అంది లసారా. ఆవిడక్కూడా నవ్వాగలేదు. పోతూ పోతూ రెండు కట్టలు కొనుక్కుని పోయింది.

అలా పదహారేళ్లు గడిచాయి. డఫిషా నర్సు చదువుకి గౌహతి వెళ్లింది. ఆ ఏడు జూలైలో, గంపతో మెట్లెక్కుతూ నాచు రాయి మీద బిల్డోరా కాలు జారింది. మోకాలి కింద ఎముక విరిగింది. ఎముకలు కట్టే పెద్దాయన వచ్చి, ఆకు ముద్ద పట్టించి, వెదురు బద్దలతో బిగించి కట్టాడు.

"మూడు నెలల్లోపు కాలు కింద పెట్టావంటే ఈసారి నన్ను పిలవకు" అన్నాడు.

నొప్పికి ఏడవలేదు గాని, తన చోటు తలుచుకుని ఏడ్చింది బిల్డోరా. బజారులో మూరెడు జాగా మూడు రోజులు ఖాళీగా ఉంటే నాలుగోరోజు ఎవరిదో అయిపోతుంది. కూతురికి కబురు కూడా పంపలేదు, పరీక్షలు పాడవుతాయని.

అయిదో రోజు జోరున వాన. గుమ్మం దగ్గర ఎవరో గట్టిగా తిడుతున్నారు. ఊరిని, మెట్లని, మెట్లు చెక్కినవాళ్లని. వానకి కప్పుకున్న వెదురుగూడ తల మీంచి తీసి గోడకి ఆనించి, లసారక్క లోపలికొచ్చింది.

"కాలు విరిగిందని బస్సు కండక్టరు చెప్తే వచ్చా. ఇదా నీ ఊరు? మేకలుండాల్సిన చోట మనుషులుంటున్నారే! ఏదీ, ఆ కంపు మడి ఎక్కడ?"

"అక్కా, నువ్వెప్పుడైనా బురదలో దిగావా?"

"దిగలేదు. నువ్వెప్పుడైనా ఆ ఆకు తిన్నావా? అమ్మట్లా? అలాగే ఇదీను."

మంచం కిటికీ పక్కకు జరిపించుకుని బిల్డోరా అరుస్తూనే ఉంది. "వేళ్లు పీకొద్దు! పై చిగురు గిల్లు! అటు పోకు, లోతు!" లసారా అక్కడి నుంచే, "నోర్మూసుకుని పడుకో!" అని అరిచింది. గంటన్నర తర్వాత తొడల దాకా బురదతో, గంప నిండా ఆకుతో తిరిగొచ్చింది. పిక్కలకి ఏడు జలగలు. వక్కలోకి పెట్టుకున్న సున్నమే తీసి, ఒక్కోదానికీ అద్ది రాలగొడుతూ, ఒక్కోదానికీ ఒక్కో తిట్టు తిట్టింది.

అలా వారానికి రెండుసార్లు వచ్చింది, మూడు నెలలూ. బజారులో తన చేపలు సగం చోటుకి కుదించి, మిగతా సగంలో ఆకు పరిచేది. పై వరస నుంచి కొత్తగా వచ్చిన దుంపలమ్మే ఆవిడ ఆ చోటు మీద కన్నేస్తే లసారా, "దీని యజమాని కాలు విరిగింది గాని నా చెయ్యి బాగానే ఉంది" అందట. ఈ సంగతి లసారా చెప్పలేదు, బస్సు కండక్టరు చెప్పాడు.

ఒకరోజు కట్టలు కడుతూండగా బిల్డోరా ఉండబట్టలేక అడిగింది. "ఎందుకక్కా ఇంత కష్టం? నీకు నేనేమవుతానని?"

"నువ్వు లేకపోతే ఆ వరసలో కంపంతా నాదే అంటారు. నువ్వుంటే సగం నీ మీదికి పోద్ది."

బిల్డోరా నవ్వలేదు. లసారా తలొంచుకుని ఇంకో కట్ట బిగిస్తూ తనే అంది.

"మా ఇంట్లో నా మాట ఎవరూ వినరే. కూర ఉప్పగా ఉందన్నా నమ్మరు, నువ్వంతే అంటారు. నువ్వు పదహారేళ్ల నుంచి పొద్దున్నే నా మొహం చూసి, నేను బాగుందంటే పైన పెట్టావు, బాలేదంటే తీసేశావు. ఒక్కరోజు కూడా ఎందుకని అడగలేదు. అది చాల్లే నాకు."

బిల్డోరా చెయ్యి చాచి ఆవిడ బురద వేళ్లని పట్టుకుంది. లసారా వేళ్లు లాక్కోకుండానే, "వదులు, బస్సు పోద్ది" అంది.

అక్టోబరులో బిల్డోరా లేచి నడిచింది. కాలు కాస్త వంకర, కానీ మెట్లు ఎక్కుతుంది, దిగుతుంది. మొదటిరోజు బజారుకి వెళ్తే, ఆ మూరెడు చోటు శుభ్రంగా ఊడ్చి, గోనెపట్టా పరిచి ఉంది.

కిందటేడు డఫిషాకి ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టే రోజున లసారక్కని పెద్దపీట వేసి కూర్చోబెట్టారు. ఇప్పుడావిడకి మోకాళ్లు పట్టేశాయి, బజారుకి రావడం లేదు. టైబోర్ మామ సొరకాయ బుర్రలోంచి సారా చుక్కచుక్కగా వదులుతూ, ఒక్కో చుక్కకీ ఒక్కో పేరు చదువుతున్నాడు. ఏ పేరుకి చుక్క రాలకుండా నిలుస్తుందో, ఆ పేరే పిల్లకి. బిల్డోరా ముందే వెళ్లి మామ చెవిలో వేసొచ్చింది, లసారా పేరు కూడా చదవమని.

"వద్దంటే విన్నావా! పిల్ల జన్మంతా చేపల కంపు కొడుతుంది" అని విసుక్కుంది లసారా.

మామ "లసారా" అన్నాడు. చుక్క టప్పున రాలింది. మళ్లీ ఒక చుట్టు చదివి "లసారా" అన్నాడు. ఈసారి రెండు చుక్కలు రాలాయి. అందరూ ఘొల్లుమన్నారు. చివరికి చుక్క "బాన్‌రిషా" దగ్గర నిలిచి, మామ చెయ్యి వణికినా కదల్లేదు.

"చూశావా, పైవాడికి నీకన్నా బుద్ధుంది" అంది లసారా. అంటూనే పిల్లని ఒళ్లోకి లాక్కుని, "బాన్‌రిషా, ఒసే బాన్‌రిషా" అని అందరికన్నా ముందు తనే పిలిచింది.

బిల్డోరా వక్కలు పళ్లెంలో పెట్టి ఆవిడ ముందుకు జరిపింది. వంకర కాలు చాపుకుని లసారక్క పక్కనే, భుజానికి భుజం ఆనించి కూర్చుంది.