వరుసలో చివరి సైకిల్

మా కోచ్ సార్ పోయిన కబురు ఆయన నెంబరు నుంచే వచ్చింది. ప్రతి శుక్రవారం సాయంత్రం మర్నాటి సైకిల్ సవారీ ఎన్నింటికో, ఎటువైపో ఆయన మా వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు. మేం చదివీ చదవకుండానే బొటనవేలు బొమ్మ పెట్టేసేవాళ్ళం. ఆ శుక్రవారం కూడా అలవాటు కొద్దీ పెట్టేశాను. నాతోపాటు ఇంకొందరు పెట్టారు. ఆ తర్వాత చదివాను. రాసింది వాళ్ళమ్మాయి. మధ్యాహ్నం బయటి నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటూ సార్ కుర్చీలోనే ఒరిగిపోయారట. పెట్టినవాళ్ళమంతా గాభరాగా ఆ బొమ్మలు తీసేశాం గానీ, పెట్టామన్న సిగ్గు ఇంకా పోలేదు.

సైన్యంలో చేసి రిటైరయ్యాక సైనిక్‌పురిలో స్థిరపడ్డ మనిషి ఆయన. ఈత, సైకిల్, పరుగు, ఈ మూడింటినీ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా చేసే పోటీని ట్రయాథ్లాన్ అంటారు. నలభై దాటిన మాలాంటి వాళ్ళ చేత అది చేయించాలని ఆయన పంతం. నేను మల్కాజ్‌గిరిలో లెక్కల టీచర్‌ని. షుగర్ వచ్చేలా ఉందని డాక్టర్ భయపెడితే పోయి చేరాను. మొదటిరోజు ఈతకొలను అంచున ఉన్న కడ్డీ వదలనని నేను మొండికేస్తే ఆయన నవ్వలేదు.

"పట్టుకోమ్మా, ఏం కాదు. ఆ కడ్డీ యాడికీ పోదు, నువ్వు సుత యాడికీ పోవు. జెర కాళ్ళు ఆడియ్యి," అన్నారు.

నాకు ఆదివారం చర్చి ఉంటుందని తెలిసి, ఎప్పటి నుంచో ఆదివారం సాగుతున్న సవారీని శనివారానికి మార్చేశారు. నా కోసం మార్చానని నాతో అనలేదు. శనివారం ఆఫీసులున్న వాళ్ళు సణుక్కుంటే తెలిసింది.

సవారీలో ఆయన సైకిల్ ఎప్పుడూ అందరికంటే వెనకే. కోచ్ అన్నవాడు ముందుండాలి గదా అని ఒకసారి ఎగతాళి చేశాను.

"దారి రోడ్డే చూపెడతది. నేను మీ వీపులు చూస్త," అన్నారు. "ముఖం నవ్వుతది గానీ వీపు అబద్ధం ఆడదమ్మా."

ఉత్త మాట కాదు. టీ కోసం ఆగినప్పుడు ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి, ఎవరు సరిగా నిద్రపోలేదో, ఎవరు మోకాలి నొప్పి దాస్తున్నారో చెప్పేసేవారు. దొంగతనం దొరికినట్టు మేం తల దించుకునేవాళ్ళం.

నిరుడు చలికాలంలో మమ్మల్ని రాజస్థాన్ ఎడారిలో శిక్షణ శిబిరానికి తీసుకెళ్ళారు. వయసులో ఉండగా అక్కడ పనిచేశారట. ఆ ఎండకూ ఎదురుగాలికీ తట్టుకుంటే ఏ పోటీకైనా భయం ఉండదన్నారు. మా అమ్మది గుంటూరు, ఆమెకు ఏదీ ఒక పట్టాన ఎక్కదు. "ఎడారికెళ్ళి ఈత కొడతారంటే! చుట్టుపక్కల నీళ్ళే దొరకలేదా మీ సార్‌కి?" అని దెప్పుతూనే సామానులో ఆవకాయ సీసా పెట్టింది. మేం దిగిన బసలో చిన్న కొలను ఉంది. పళ్ళు టకటకలాడే చలిలో ఈత, పొద్దెక్కాక సైకిల్, దిగీ దిగగానే అదే కాళ్ళతో పరుగు. తిండిలో ఇసుక, చెవుల్లో ఇసుక. అంత కష్టంలోనూ నేనంత ఆనందంగా ఎప్పుడూ లేను.

చివర్లో ఒక పెద్ద సవారీ ఉంది. అది పూర్తి చేసినవాళ్ళనే పోటీకి పంపుతామన్నారు. ఎడారిలో దాహంతో పడిపోతానేమోనని నా భయం. లేచింది మొదలు తాగినన్ని నీళ్ళు తాగుతూనే ఉన్నాను. సగం దారిలో తల దిమ్మెక్కింది. వేళ్ళు ఉబ్బిపోయి బ్రేకు అందడం లేదు. కడుపులో తిప్పుతోంది. నీళ్ళు చాలలేదనుకుని ఇంకో సీసా ఎత్తాను. వెనక నుంచి "ఆగు" అని కేక. వినపడనట్టే తొక్కాను. ఆయన పక్కకొచ్చి నా హ్యాండిల్ పట్టుకున్నారు.

"సైకిల్ ఇసుక దిక్కు పోతున్నది, నీకు తెలుస్తలేదు. దిగు."

"దిగను సార్! ఇన్ని నెలల కష్టం. ఇప్పుడు దిగితే పోటీ పోయినట్టేగా!"

"పోతే పోనీ. నీళ్ళు తక్కువై కాదు, ఎక్కువై నీకీ పరేషాన్. ఒంట్ల ఉప్పు పలచబడ్డది. ఇగ సీసా ముట్టకు."

ముందు ఊళ్ళో ఉన్న సామాను జీపును ఫోన్ చేసి పిలిపించారు. అది వచ్చాక మా అమ్మ పెట్టిన ఆవకాయ వెతికి తీసి, నా అరచేతిలో వేసి నాకమన్నారు. ఏడుస్తూ నాకాను. ఇంకాస్త దూరం తొక్కి ఉంటే ఫిట్స్ వచ్చి పడిపోయేదాన్నని టౌన్‌లో డాక్టర్ చెప్పేదాకా ఆయనతో మాట్లాడలేదు. ఆ సాయంత్రం నా మంచం పక్కన స్టూలు వేసుక్కూర్చుని, "ఆగినోడు ఓడినట్టు కాదమ్మా. ఆగుడు రానోడు గెలిచినా ఫాయిదా లేదు," అన్నారు. ఇవాళ నేను బతికి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆయన చలవే.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. ఆపలేకపోతున్నాను.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక ఆంటీ, అంటే సార్ భార్య, నన్ను లోపలి గదిలోకి పిలిచింది.

"నిరుడు మీ ఎడారి నుంచి వచ్చినంక గుండె డాక్టర్‌కు చూపిచ్చినం. సైకిల్ బంద్ జెయ్యమన్నడు. ఈయన ఇంటేనా? 'అందరికంటే ఎనక మెల్లగ తొక్కుత, నాకేం తక్లీఫ్' అన్నడు. మెట్లెక్కుతుంటే నడిమిట్లనే నిలబడుతుండె. మీకేమన్న చెప్పిండా బిడ్డా? మీకు కనపడలేదా?"

చెప్పలేదు. కనపడలేదు. మా అందరి వీపులూ చదివిన మనిషి వీపు చూసినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు. వరుసలో చివర ఉన్నవాడు రొప్పినా, గుండె పట్టుకుని నిలబడిపోయినా ముందున్నవాళ్ళకు తెలిసే దారి లేదు. ఆ సంగతి ఆయనకు మాకంటే బాగా తెలుసు.

చనిపోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నన్ను బలవంతంగా దించిన మనిషి తాను ఎందుకు దిగలేదు? ఇంటికొచ్చి చెబితే, "ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడిందట," అంది అమ్మ. ఆ పూట ఆమెతో మాట్లాడలేదు. సామెత తప్పని కాదు, సరిగ్గా తగిలిందని. మా కోసం వెనక ఉన్నారా, మా కంట పడకూడదని వెనక ఉన్నారా? మొదట్లో మా కోసమే, సందేహం లేదు. ఈ చివరి ఏడాది సంగతి ఎవర్నడగాలి? ఆయన మీద ప్రేమ తగ్గలేదు. కానీ తలుచుకున్నప్పుడల్లా ఆ ప్రశ్న కూడా వస్తోంది.

మళ్ళీ చలికాలం వస్తోంది. మౌలాలి రైల్వే క్వార్టర్లలో ఉండే తమ్ముడొకడు మా గ్రూపులో అందరికంటే చిన్నవాడు. "అక్కా, ఈపాలి ఎడారికి పోదామా వద్దా? పోతే ఎనక ఎవరుంటరు?" అని ఫోన్ చేశాడు. ముందు శనివారం సవారీ చేసి చూద్దాం, వెనక నేనుంటానన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

శామీర్‌పేట వైపు బయలుదేరాం. చివరన తొక్కుతుంటే అందరి వీపులూ కనిపించాయి, నాకు వాటిని చదవడం రాదు. ఎత్తు మొదలయ్యేసరికి వాళ్ళు దూరమైపోయారు. నాకు ఆయాసం వచ్చింది. ఎదురుగాలి. నా రొప్పు నాకు తప్ప ఎవరికీ వినపడటం లేదు. ఇంకాస్త ఓర్చుకుంటే పోలా, వాళ్ళనెందుకు ఆపడం అనిపించింది. ఆయనకూ ఇలాగే అనిపించి ఉంటుంది. ఒకసారి కాదు, ప్రతి శనివారం.

గొంతు చించుకుని "ఆగండి!" అని అరిచాను.

ఒక్కొక్కరే కాలు నేలకానించి వెనక్కి తిరిగారు.

"ఏమైందక్కా?" మౌలాలి తమ్ముడు అక్కడి నుంచే అరిచాడు.

"ఏం కాలేదు. ఆయాసంగా ఉంది. చెప్పాలి కదా, చెప్పాను."

సైకిల్ దిగి నడిపించుకుంటూ వాళ్ళను చేరుకున్నాను. ఎవరో నీళ్ళ సీసా అందించారు. నేను తాగడం అయిపోయినా ఒక్కరూ పెడల్ మీద కాలు పెట్టలేదు. వాళ్ళు చూస్తున్నది నన్ను కాదు. నా వెనక, దిగువన, ఎండ పరుచుకుంటున్న ఖాళీ రోడ్డును.