తుండు కప్పిన అద్దం

మొన్న ఆదివారం పొద్దున పిట్టగోడ అవతలి నుంచి పక్కింటి కోడలు పిలిచింది. "పిన్నిగారూ, ఒకసారి రండి. అత్తమ్మ లేవటం లేదు." ఆ గొంతులో కంగారు లేదు. అందుకే నాకు భయమేసింది. వెళ్ళేసరికి వదిన గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన కాఫీ గ్లాసు మీద మూత తీయలేదు. నిద్రలోనే పోయిందని డాక్టరు చెప్పారు.

వదిన అంటున్నాను గానీ చుట్టరికమేమీ లేదు. నరసరావుపేటలో మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. నేను బడిలో లెక్కలు చెప్పాను, ఆమె ఇంట్లో ఆడపిల్లలకి కూచిపూడి నేర్పింది. ఐదింటి క్లాసు ఏనాడూ ఐదింటికి మొదలవలేదు. నాకు ఒళ్ళు మండేది. అడిగితే "గడియారం నీది వదినా, తాళం నాది" అని నవ్వేది.

క్లాసుకి ముందు ఆమె తప్పకుండా చేసే పని ఒకటుంది. బీరువాకున్న నిలువుటద్దం మీద ఎర్రంచు తుండు కప్పి, పై కొసల్ని తలుపు సందులో దోపేది. ఏ పిల్లైనా తొంగి చూడబోతే తాళం వేసే చెక్క మీద కర్ర టక్కుమనేది. "అద్దంలో పిల్లకి తాళం తెలవదే. నన్ను చూడు. నిన్ను చూసుకోమాక." అది క్రమశిక్షణ అనుకుని మెచ్చుకునేదాన్ని. అసలు సంగతి పోయిన దసరా దాకా నాకు తెలియదు.

మా మనవరాలు గుంటూరులో సినిమా కోర్సు చదువుతోంది. దసరా సెలవులకి మొహం వేలాడేసుకుని వచ్చింది. ఏదైనా ఒక కథకి మొదటి రెండు నిమిషాలు తీసి చూపించమన్నారట. అవి బాగున్నవాళ్ళకే ఏడాది చివర సొంతంగా సినిమా తీసే అవకాశం. మిగతావాళ్ళు వాళ్ళ వెనక లైట్లు మోయాలి. మా పిల్ల ఏదో విదేశీ థ్రిల్లర్ చూసి మోజుపడి, స్నేహితురాలికి తెల్లగౌను తొడిగి, ఎర్రలైటు పెట్టి, మేడ మీద గిరగిరా తిప్పి తీసింది. "ఇలాంటి పిల్లని నువ్వెప్పుడైనా చూశావా?" అని అడిగారట లెక్చరర్. ఇంకొక్క అవకాశం ఇచ్చి పంపారు.

"అసలా సినిమా ఏందో పెట్టవే, చూద్దాం" అంది వదిన.

మా హాల్లో ముగ్గురం చూశాం. కాలివేళ్ళ కొసల మీద నిలబడి బాలే నాట్యం చేసే పిల్ల కథ. పెద్ద వేషం దక్కుతుంది. దక్కిన దగ్గర్నుంచి అద్దంలో కనిపించే తన రూపమే తనకి శత్రువులా తోస్తుంది. నాట్యానికి ఈ భయాలూ రక్తాలూ ఎందుకని నేను లేవబోయాను.

వదిన నా చెయ్యి పట్టుకుంది. "కూర్చో వదినా. ఆ పిల్ల నేనే."

అప్పుడు చెప్పింది. పెళ్ళికి ముందు మాచర్లలో ఒక ప్రదర్శనకి ఆమెకి ప్రధాన పాత్ర ఇచ్చారట. ఇంట్లో అద్దం ముందే సాధన చేసిందట. తీరా స్టేజీ ఎక్కితే ఎదురుగా అద్దం లేదు, జనం ఉన్నారు. "నేనెక్కడున్నానో నాకే తెలవలా. కాలు లేవలా. గజ్జెలు మాత్రం మోగుతానే ఉన్నయ్."

"కాలు లేవకపోతే గజ్జెలెట్టా మోగుతయ్, డాన్సమ్మమ్మా?" అంది మనవరాలు.

"వణుక్కేనే, పిచ్చిదానా."

మర్నాడు వదిన గదిలోనే తీశారు. గౌనూ లేదు, ఎర్రలైటూ లేదు. ఒక ముసలి చెయ్యి అద్దం మీద తుండు కప్పుతుంది. ఒక పిల్ల పాదాలు ఆడుతుంటాయి. పాదాలు ఆగుతాయి, తాళం ఆగుతుంది. గజ్జెల చప్పుడు మాత్రం ఆగదు. అది తుండు వెనక నుంచి వస్తుంటుంది. అంతే.

చివర్లో తుండు జారి ఒక భయంకరమైన మొహం కనపడాలని మా పిల్ల పట్టు. వదిన ఒప్పుకోలేదు. "తియ్యమాకే. చూపిస్తే అయిపోయిద్ది. కప్పే ఉంచు, ఎవరి భయం వాళ్ళకి కనపడిద్ది."

గడియారం పట్టుకునే పని నాది. అంతా కుదిరిందనుకునేసరికి వీధిలో పాత ఇనపసామాన్ల ఆటో మైకు మోగేది. "వాడూ ఉన్నాడా ఏందే మీ సినిమాలో?" అని వదిన నవ్వితే, మళ్ళీ మొదటి నుంచి.

గజ్జెల చప్పుడు కోసం వదినే గజ్జెలు కట్టుకుంది. మోకాళ్ళ నొప్పులతో ఆడటం మానేసిన మనిషి. గజ్జెలు కళ్ళకద్దుకుని, కుర్చీలో కూర్చుని కాళ్ళు వణికించింది. చాలు అన్నాక కూడా ఆ వణుకు కాసేపు ఆగలేదు. మా పిల్ల కెమెరా వదిలేసి వెళ్ళి ఆ పాదాలు రెండు చేతులతో పట్టుకుంది. నేను గడియారం చూడటం మర్చిపోయాను.

మనవరాలికి అవకాశం వచ్చింది. ఆ కబురు ఫోన్లో విని వదిన పిట్టగోడ దగ్గరికి వచ్చింది. "నా భయం ఇన్నాళ్ళకి ఒకళ్ళకి పనికొచ్చింది వదినా" అంది.

మొన్న ఆ ఆదివారం సాయంత్రానికి మనవరాలు వచ్చింది. దహనం అయిపోయి అందరూ వెళ్ళాక వదిన గదిలో కూర్చున్నాం. శనివారం క్లాసుకి కప్పిన తుండు అద్దం మీద అలాగే ఉంది. ఉతకడానికి తీయబోయిన కోడలితో "ఉండనీ అత్తా" అంది మా పిల్ల. ఫ్యాను గాలికి తుండు అంచు కాస్త లేచింది. కింద అద్దంలో మా పాదాలు ఒక్క క్షణం కనిపించి, మళ్ళీ కప్పుకుపోయాయి.