ఊఁ కొట్టే మనిషి

ఇవాళ మా రచయితల వాట్సాప్ గ్రూపులో నా కథ పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి గానీ ఎవరూ పలకలేదు.

పోర్ట్‌బ్లెయిర్ డెయిరీ ఫార్మ్ అనే పేటలో మా చిన్నప్పటి ఇంటి వరండా గుర్తొచ్చింది. కథలు రాసే నాన్న స్నేహితులు ఆదివారాలు అక్కడ చేరేవారు. బదిలీల మీద ఒక్కొక్కరే ఓడెక్కి వెళ్లిపోయారు. ఒక ఆదివారం ఎవరూ రాలేదు. వాళ్ల కోసం పరిచిన చాప మీద నాన్న నన్ను కూర్చోబెట్టుకుని కథ చదివాడు.

"నాన్నా, ఈ కితాబ్ తెలుగు నాకు సమఝ్ అవట్లేదు," అన్నాను, బడిలో అలవాటైన హిందీ కలిపి.

"పర్లేదమ్మా. నువ్వు ఊఁ కొట్టు, చాలు."

వాళ్లకని చేసిన పకోడీలు తింటూ ఊఁ కొట్టాను. ఉన్నట్టుండి నాన్న ఆగిపోయాడు. వినపడలేదేమోనని ఇంకా గట్టిగా ఊఁ అన్నాను.

"కథ అయిపోయిందమ్మా," అని నవ్వాడు.

నాకోసమే చదివాడని చాలా ఏళ్లు అనుకున్నాను. ఇప్పుడు ఖాళీ గదిలో నా కథ నేనే పైకి చదువుకుంటూ, ప్రతి వాక్యం దగ్గరా కాసేపు ఆగుతున్నాను.