బెల్టు చివరి జానెడు

పదవీ విరమణ చేసిన మరుసటి నెలలో మా బావమరిది నన్ను తన అద్దె కార్ల షెడ్డుకు తీసుకువెళ్ళాడు. నరసన్నపేట దాటిన తరువాత జాతీయ రహదారి పక్కన, రేకుల కప్పు కింద తొమ్మిది కార్లు ఉండేవి. అద్దెకు తీసుకున్నవారే వాటిని నడుపుకొని వెళ్ళేవారు.

"బడిలో ఆ లేబరేటరీని ముప్పయ్యేళ్ళు అద్దంలాగ ఉంచావు బావ. ఈ కార్లు నీ సేతిలో పెడతన్నాను" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. నచ్చుతుందని తెలిసే అన్నాడని ఇప్పుడు రాస్తున్నప్పుడు అనిపిస్తోంది.

నేను వెళ్ళేసరికి అక్కడ ఒకే గుడ్డతో టైర్లూ తుడిచేవారు, అద్దాలూ తుడిచేవారు. మొదటి వారంలోనే గుడ్డలను రంగుల వారీగా విడదీశాను. అద్దాలకు తెల్లనివి, సీట్లకు పచ్చనివి, చక్రాలకు నల్లనివి. పని పైనుంచి కిందికి సాగాలి, పొడి పని ముగియనిదే నీటి జోలికి పోకూడదు. సముద్రపు ఒడ్డుకు వెళ్ళివచ్చిన కారులో ఇసుక మిగిలి ఉండగా తడిగుడ్డ వేస్తే ఆ గుడ్డ ఉప్పుకాగితంలా పనిచేసి సీటును గీకేస్తుంది. పెళ్ళివారు తిరిగి ఇచ్చిన కారులో సీట్ల సందున అక్షింతలు ఉంటాయి. వాటిని వేళ్ళతోనే ఏరాలి. ఎండుచేపల మూట ప్రయాణం చేసిన డిక్కీని రెండు పూటలు ఎండలో తెరిచి ఉంచాలి, అత్తరుతో కప్పిపుచ్చకూడదు.

ఇవన్నీ ఇరవై రెండు అంశాల పట్టికగా రాసి, ప్రతి కారుకూ ఒక ప్రతి తీయించాను. కారు బయలుదేరే ముందు ఒక్కొక్క అంశాన్నీ స్వయంగా చూసి, అడుగున సంతకం చేసి డాష్‌బోర్డు మీద పెట్టేవాణ్ణి. పట్టికలో లేనిదాన్ని చూసేవాణ్ణి కాను. ఉన్నదాన్ని వదిలేవాణ్ణీ కాను. పదిహేడవ అంశం ఇది: సీటు బెల్టును మనిషి ఒంటికి తగిలినంత మేర తుడవవలెను.

నాతోపాటు ఒక ఆవిడ పనిచేసేది. యాభై దాటిన మనిషి. నాగావళి ఒడ్డున ఉన్న ఊరి నుంచి ఆటోలో వచ్చేది. నా పట్టికను చూసి ఆవిడ నవ్వని రోజు లేదు. "కారుకి ఇన్ని స్నానాలేటి మాస్టారు? మా కూతురి పెళ్ళికి కూడా ఇంత తోమలేదు" అనేది. కానీ గుడ్డల రంగులు మాత్రం ఒక్కనాడూ తప్పలేదు.

ఒక వానాకాలం చివర బావమరిది మరో మూడు కార్లు తెచ్చాడు. వాటికి ఒడిశా నంబర్లు ఉన్నాయి. తలుపు తీయగానే ముక్కిన వాసన కొట్టింది.

"యజమాని ఊళ్ళో లేడు. వానల్లో సెట్టు కింద మూడు నెలలు ఉండిపోనాయి. సెమ్మ వాసన, అంతే. కింద కార్పెట్లు కొత్తవి ఏయించాను, జిగురు ఇంకా ఆరనేదు, నువ్వు ఎత్తకు బావ" అన్నాడు.

నేను ఎత్తలేదు.

ఆవిడ మాత్రం లోపలికి తల పెట్టి గట్టిగా వాసన పీల్చింది. "ఇది సెమ్మ కాదు మాస్టారు. మా ఇల్లు ములిగిపోనప్పుడు నెల రోజులు ఇదే వాసన. వరద నీరు" అంది.

"నీకు తెలిసింది నువ్వు చెప్పావు. పని చూడు" అన్నాను. నా స్వరంలోని కాఠిన్యం నాకు గుర్తుంది. ఇంటి మనిషి చెప్పిన మాట ముందు ఆవిడ ముక్కును సాక్ష్యంగా తీసుకోవలసిన అవసరం నాకు కనబడలేదు.

ఆ మూడు కార్ల మీద పది రోజులు పనిచేశాను. తలుపులు తెరిచి ఎండలో ఉంచాం. సీట్ల మీద వంటసోడా చల్లి, రాత్రంతా ఉంచి, ఉదయం వాక్యూమ్‌తో లాగాం. ఏసీ రంధ్రాలను పళ్ళ బ్రష్షుతో శుభ్రం చేశాను. పదకొండవ రోజున వాసన లేదు. ఆవిడ ముక్కుకు కూడా ఏమీ తగలలేదు. ఇరవై రెండు అంశాలూ చూసి మూడు సంతకాలు చేశాను. మరునాడు బావమరిది మా ఇంట్లో భోజనం చేస్తూ "బావ సెయ్యి పడితే పాతది కొత్తదైపోద్ది" అని మా ఆవిడతో అన్నాడు. ఆ పూట నేను మరో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

వాటిలో ఒక కారును మా బడిలోనే లెక్కలు చెప్పిన పాత సహోద్యోగి అద్దెకు తీసుకున్నారు. ఎచ్చెర్లలో ఉంటారు. భార్యనూ చెల్లెలినీ తీసుకొని గజపతినగరంలో గృహప్రవేశానికి వెళ్ళాలి. బావమరిది వేరే కారు చూపించినా "మాస్టారి సంతకం ఉంది కదా, ఏదైతేనేం" అని దాన్నే తీసుకున్నారు.

మూడవ రోజు ఆయన బస్సులో తిరిగి వచ్చారు, చేతిలో నా పట్టికతో. గజపతినగరం ఇంకా రాకముందే, ఎదురుగా లారీ వస్తుండగా ఇంజిను ఆగిపోయిందట, స్టీరింగు బిగుసుకుపోయిందట. కారు రోడ్డు పక్క పొలంలోకి దిగింది. ఎవరికీ దెబ్బలు తగలలేదు. మెకానిక్ వచ్చి ముందుగా ఇంజిను చూడలేదు, సీటు బెల్టును చివరిదాకా లాగి చూపించాడట.

"చివరి జానెడు మట్టి మాస్టారూ. ఈ బండి నీట మునిగిందని వాడు ఒక్క క్షణంలో చెప్పేశాడు. మీరు పది రోజులు దాన్నే తుడిచారని మీ బావమరిది అన్నాడు" అని ఆగారు. "మీకు తెలీదనే అనుకుంటాను."

అనుకుంటాను అన్నారు. ముప్పై ఏళ్ళు నా పక్క గదిలో పాఠం చెప్పిన మనిషి. పట్టికను నాలుగు మడతలు పెట్టి నా చేతిలో ఉంచి వెళ్ళిపోయారు.

మిగిలిన రెండు కార్ల దగ్గరికి నడిచాను. బెల్టు పట్టుకొని లాగాను. ఒడి మేర వచ్చింది, శుభ్రంగా, నేను తుడిచినట్టే ఉంది. ఇంకా లాగాను. లోపలి చుట్టలోంచి చివరి జానెడు బయటికి వచ్చేసరికి పిండిలాంటి గోధుమరంగు ఒండ్రు నా వేళ్ళకు అంటుకుంది. అన్ని సీట్లకూ అంతే. కార్పెట్టు అంచు ఎత్తితే కింద సీటు బోల్టులు తుప్పుపట్టి ఉన్నాయి.

బావమరిది వెనక వచ్చి నిలబడ్డాడు.

"నీకు తెలుసా?" అని అడిగాను.

"తెలిసే కొన్నాను."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే సంతకం పెడతావా? నీ కాయితంలో లేంది నువ్వు సూడవు బావ. అది నాకు తెల్దేటి? ఇంటి మనిషివి, ఒక్క సంతకానికి ఇంత గొడవేటి. అక్కతో సెప్పకు."

నా పట్టికను ఇంత శ్రద్ధగా చదివినవాడు మరొకడు లేడు. పదిహేడవ అంశం ఎక్కడ ఆగుతుందో చూసుకొని, ఆ జానెడు చోటులో తన అబద్ధాన్ని దాచుకున్నాడు. కార్లలోని వరద వాసనను పోగొట్టింది నేను. పది రోజులు, పళ్ళ బ్రష్షుతో.

అతను లోపలికి వెళ్ళాక రెండు కార్ల తలుపులన్నీ తెరిచాను. ప్రతి బెల్టునూ చివరిదాకా లాగాను. వదిలితే మళ్ళీ చుట్టలోకి పోతుంది. ఆవిడ దండెం మీది బట్టల క్లిప్పులు తీసి అందించింది. ఎనిమిది బెల్టులూ ఆ మట్టితో సహా బయటికి వేలాడాయి. తరువాత నా పట్టికలు రెండు తీసుకొని వెనక వైపు తిప్పి, పెద్ద అక్షరాలతో ఒకే వాక్యం రాశాను: ఈ కారు వరదలో మునిగినది. కింద సంతకం చేసి ముందు అద్దాలకు అతికించాను.

"ఏటి రాసినారు?" అంది ఆవిడ. చదివి వినిపించాను.

"నాను సెప్పిన నాడే రాసుంటే ఆ పంతులుగారు పొలంలోకి దిగేవోరు కాదు" అంది.

పెన్నుకు మూత పెట్టి, గుడ్డల్లో తెల్లవి ఒక దండెం మీద, పచ్చవి ఒక దండెం మీద, నల్లవి వేరుగా ఆరవేసి, బస్సు కోసం రోడ్డు దాటాను.