తంగేడు రెమ్మ కింది గూడు

శివలీల పొద్దున్నే పొయ్యి అలికి, ఝరాసంగం బాట వెంట ఎర్రనేలల్లోకి నడిచేది. వానలు వెనకబట్టిన ఆ రోజుల్లో తంగేడు పొదల మీద పసుపుపచ్చ సీతాకోకచిలుకలు ముసిరేవి. అవి బెదరకుండా చెప్పులు చేత్తో పట్టుకుని, కొంగు నోట కరుచుకుని, తన నీడ పడకుండా ఒంగి చూసేది. కూతురు జ్వరంతో పోయి ఏడాది నిండలేదు. చావు జరిగిన ఇంట ఆ యేడు బతుకమ్మ పేర్చరు. అందుకే పువ్వుకు పోయే ఆడవాళ్లెవరూ ఆమెను పిలవలేదు.

ఓ రోజు పక్కింటి అనంతమ్మ కొడవలితో ఎదురై నవ్వింది. "ఏం వదినా, పురుగులకు కావలి కూసున్నవా?"

"ఈ కొమ్మ జర ఇడిసిపెట్టు. ఆకు కింద సీతాకోక గూడున్నది. రేపో మాపో లేస్తది."

అనంతమ్మ సరేనంది. తీరా శివలీల ఇంటికి మళ్లాక, తోటివాళ్లతో మాటల్లో పడి ఆ కొమ్మనే కోసుకుపోయింది.

సాయంత్రం ఆడవాళ్లు బతుకమ్మలు తలకెత్తుకుని చెరువుకు పోతుంటే, గడపలో నిలబడ్డ శివలీలకు అనంతమ్మ బతుకమ్మ కొసన దోపిన తంగేడు రెమ్మ కింద ఆ గూడు కనబడింది. "ఆగున్రి!" అంటూ ఉరికింది. అందరూ పక్కకు జరిగారు. బతుకమ్మను తను ముట్టుకోవచ్చో లేదో తెలియక ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

అనంతమ్మ బతుకమ్మను దించి ఆమె ముందుకు వంచింది. "నాదే తప్పు వదినా. తీస్కో."

ఆ రెమ్మను శివలీల గుమ్మానికి దోపింది. తెల్లారేసరికి గూడు పగిలి, తడి రెక్కలతో సీతాకోకచిలుక వేలాడుతోంది. అనంతమ్మ ఎప్పుడొచ్చిందో, పక్కనే నిలబడి చూస్తోంది. అది ఎగిరిపోయినా ఇద్దరూ కదల్లేదు.

"పువ్వుకు పోదాం, వస్తవా వదినా?"

"నేను పేర్చద్దు గద," అంది శివలీల, చెప్పులు చేతిలోకి తీసుకుంటూ. "నీ ఎంబడి వస్త. ఏ కొమ్మ కొయ్యద్దో చెప్త."