నా ఒక్కదానికే తెరుచుకున్న వెబ్‌సైటు

వనపర్తిలో నేను కంప్యూటర్ సెంటర్ నడిపిన రోజుల్లో వెబ్‌సైటు అనే మాట తప్పు లేకుండా పలికితే చాలు, పండితుల కింద లెక్క. ఆ లెక్కన నేను మహాపండితురాలిని. గద్వాలలో చీరల దుకాణం ఉన్న ఒక పెద్దాయన ఏకంగా నాతో వెబ్‌సైటే చేయించుకున్నాడు మరి.

సైటు పేరు ఒక కంపెనీ దగ్గర కొన్నాం. చీరల ఫోటోలు ఓ పది ఇంకో కంపెనీ సర్వర్‌లో పెట్టాం. పేరు కొడితే ఆ సర్వర్ దగ్గరికి పోవాలంటే, పేరు అమ్మినవాళ్ల దగ్గర సర్వర్ నంబరు రాయించాలి. అదీ నేనే రాశాను. నా కంప్యూటర్లో పేరు కొట్టగానే సైటు జరీ అంచులతో సహా వచ్చింది.

మర్నాడు పెద్దాయన ఫోను.

“బిడ్డా, నా దగ్గర ఉత్త తెల్ల పేజీ వస్తున్నది.”

“నా దగ్గర మంచిగనే వస్తున్నది సార్. రెండు రోజులు ఆగుండ్రి.”

ఆ రెండు రోజుల గడువు నా సొంతం కాదు. పేరు అమ్మిన కంపెనీకి ఫోను చేస్తే, “నలభై ఎనిమిది గంటలు వెయిట్ చేయండి మేడమ్” అన్నారు. నాలుగో రోజు చేసినా నలభై ఎనిమిది గంటలే. వాళ్ల గడియారం రోజూ పొద్దున్నే కొత్తగా పుట్టేది.

ఐదో రోజు నా పాండిత్యమంతా కూడగట్టుకుని చెప్పాను. “మీ దాంట్ల వైరస్ ఉన్నట్టుంది సార్. దాంట్ల ఉన్నదంతా తుడిపించి ఫార్మాట్ కొట్టించుండ్రి.”

కొట్టించాడు. అయినా తెల్ల పేజీయే. “కొత్తకోటల మా అల్లుని తాన గూడ వస్తలేదు బిడ్డా” అన్నాడు.

“అక్కడ గూడ అదే వైరస్ ఉంటది” అన్నాను. ఏ మాత్రం తడబడలేదు.

చివరికి జనం అజ్ఞానాన్ని కళ్లారా చూద్దామని గద్వాల బస్సెక్కాను. ఆయన కంప్యూటర్లో కొట్టాను, రాలేదు. బస్టాండు పక్కన ఇంటర్నెట్ సెంటర్లో కొట్టాను, రాలేదు. అక్కడే కూర్చుని పేరు అమ్మినవాళ్ల పేజీ తెరిచి నేను రాసిన నంబరు చూశాను. చివరి రెండు అంకెలు తారుమారయ్యాయి.

మరి నాకెలా వచ్చింది? అప్పుడు గుర్తొచ్చింది. పేరు కొనగానే, ముందే చూసుకునే తొందరలో, నా కంప్యూటర్లోని ఒక చిన్న ఫైల్లో ‘ఈ పేరుకు ఈ నంబరు’ అని రాసిపెట్టాను. అక్కడ మాత్రం నంబరు సరిగ్గా రాశాను. అలా రాస్తే ఆ కంప్యూటర్ ఇక బయట ఎవరినీ అడగదు. అచ్చం నాలాగే.

అంకెలు సరిచేశాను. రెండు గంటలకు దుకాణంలో సైటు తెరుచుకుంది. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పేశాను.

పెద్దాయన తెర వంక చూస్తూనే అడిగాడు. “అయితే నా దాంట్ల వైరస్ లేకుండెనా?”

“లేదు సార్.”

“నాలుగేండ్ల చీరల ఫోటోలు ఉండె బిడ్డా దాంట్ల. అమ్ముడువోయిన చీరలు మల్ల యాడ తెస్తం?”

తిట్టినా బాగుండేది.

ఆ ఆదివారం కెమెరా పట్టుకుని మళ్లీ పోయాను. ఉన్న చీరలన్నీ ఆయన భార్య ఒక్కొక్కటే మడత విప్పి గోడకు పట్టింది. నేను ఫోటోలు తీశాను. రెండు సీడీల్లోకి ఎక్కించి ఒకటి ఆమె చేతికిచ్చాను.

“ఇది నీళ్లల్ల తడిస్తే ఖరాబైతదా?” అని అడిగింది.

నాకు సరిగ్గా తెల్వదని చెప్పాను.