పుల్లమ్మ ఒప్పుకోని చావు

నర్సింహ చచ్చిపోయాడని ఊరంతా ఒప్పుకుంది, తల్లి పుల్లమ్మ తప్ప. కన్నతల్లి మనసుకు అన్నీ తెలుస్తాయని పెద్దలు చెబుతుంటారు గానీ, పుల్లమ్మకు అలాంటి దివ్యదృష్టి ఏమీ లేదు. ఆమె అడిగేది ఒక్కటే: “చూసినోడు ఎవడు?”

తిరుమలగిరికి రెండు కోసుల దూరంలో గొర్రెలు కాసుకునే కురుమ కుటుంబం వాళ్లది. రజాకార్ల రోజుల్లో నర్సింహ మందను తల్లికీ, భార్య సుక్కమ్మకూ అప్పగించి కమ్యూనిస్టుల దళంలో కలిశాడు. పోలీసు చర్య జరిగింది, నిజాం లొంగిపోయాడు. దళాలు మాత్రం తుపాకులు దించలేదు. ఈసారి యూనియన్ మిలిట్రీ వాళ్ల వెంటపడింది. 1949 ఎండాకాలంలో కృష్ణ ఒడ్డు అడవిలో నర్సింహను కాల్చేశారని దళం నుంచి కబురొచ్చింది. శవం రాలేదు.

శవం దొరకకపోతే వాళ్ల కులంలో ఓ పద్ధతి ఉంది. గడ్డితో మనిషిని కట్టి, పోయినవాడి అంగీ తొడిగి, పాడె మీద మోసుకెళ్లి కాలుస్తారు. తర్వాత దినాలు. అదంతా అయితే గాని భార్య మారుమనువుకు వెళ్లడానికి లేదు. సుక్కమ్మకు ఇరవై మూడేళ్లు. పక్క ఊరి బీరప్ప, పెళ్లాం పోయినవాడు, ఏడాదిగా అడిగిస్తున్నాడు. సుక్కమ్మకూ ఇష్టమే, ఆ సంగతి గొర్రెలకు కూడా తెలుసు. వానలు పడేలోగా మాట రాకపోతే వేరే సంబంధం చూసుకుంటానని బీరప్ప చివరి కబురు పంపాడు.

కులపెద్ద గురవయ్య నచ్చజెప్పబోయాడు. “వదినా, పిల్ల మొకం జూడు జర.”

“గడ్డికి నా కొడుకు పేరు వెడ్తరా? రేపు వాడొచ్చి తలుపు కొడితే నువ్వే చెప్పాలె గురవయ్యా, నిన్ను కాలవెట్టినమని!”

గురవయ్య ఆపైన తనంతట తాను ఆ గడప తొక్కలేదు.

ఇంతలో ఊళ్లోకి తోలుబొమ్మలాట వచ్చింది. ఆడించే పర్వతాలు అనే అతను ప్రకటించిన కథ: యువరాజు వేటకు పోయి చనిపోతాడు, భార్య కుమిలిపోతుంది, పోయినవాణ్ని వదిలెయ్యమని ఓ ముని బోధిస్తాడు, ఆమె వదిలేసి ఇంకో రాజును పెళ్లాడుతుంది. తెల్లవార్లూ ఆడవలసిన ఆట. కానీ పొద్దుగూకిన రెండు గంటల్లో దీపం ఆర్పాలని మిలిట్రీ క్యాంపు హుకుం. పైగా పర్వతాలు బొమ్మల పెట్టె, రజాకార్లు ఊళ్లు తగలబెట్టిన ఏడాది, సగం కాలిపోయింది. ముని బొమ్మ కాక మిగిలిన మగబొమ్మ ఒక్కటే. దాంతో యువరాజు ఎర్ర తలపాగాతో చచ్చిపోయి, పచ్చ తలపాగాతో పెళ్లికొడుకై వచ్చాడు.

“ఓ పర్వతాలూ! సచ్చినోడే మల్ల లేసొచ్చిండేందిరా?” అని జనంలోంచి ఒకడు కేకేశాడు.

“పోనియ్ తియ్యి, పిల్లకు అలవాటైన మొగడే!” అన్నాడు ఇంకొకడు.

జనం విరగబడి నవ్వారు. సుక్కమ్మ తల దించుకుంది. పుల్లమ్మ నవ్వలేదు, లేచి పోనూ లేదు. ముని బోధ మొదలు పెళ్లి అయ్యేదాకా తెరను చూస్తూనే కూర్చుంది.

పొద్దున్నే పర్వతాలు బొమ్మలు సర్దుకుంటుంటే పుల్లమ్మ చేటలో జొన్నలు పట్టుకుని వచ్చింది.

“ఆట మస్తు ఖరాబు జేసినవ్.”

“క్యాంపోళ్ల హుకుం అవ్వా. తెల్లారేదాంక ఏడ్వాల్సిన పిల్లను చుట్ట కాలేలోపట ఊకోవెట్టిన. నేనేం జెయ్య?”

“గది గాదు. గా సచ్చిన పిలగానికి తల్లి లేదా?”

పర్వతాలు ఆలోచించాడు. “కథల లేదవ్వా.”

“తెల్లారేదాంక ఆడితే?”

“అప్పుడు గూడ లేదు.”

“మరి పిల్లను ఎవలు తోలిండ్రు?”

“ఎవలూ తోలలే. ముని చెప్పిండు, లేసి పోయింది.”

“గట్లెట్ల పోతదిరా? అత్త ఇంట్ల ఉన్న పిల్ల! చీర వెట్టి, బువ్వ వెట్టి అత్తనే తోలాలె గద! నడుమ గీ ముని ఎవడు?”

ఆ మాట నోటి నుంచి వచ్చాక పుల్లమ్మ చేటతోనే ఇంటివైపు తిరిగింది. ఆమెకు కోపం తగ్గలేదనుకుని పర్వతాలు బతిమాలాడు: “తిట్టు అవ్వా, ఎంతైనా తిట్టు. జొన్నలు మాత్రం వాపసు తీస్కపోకు.”

ఆమె చేట అక్కడే వదిలేసి ఇంటికి నడిచింది.

“సుక్కీ, వాని అంగి తియ్యి. గురవయ్యను గడ్డి తెమ్మను.”

సుక్కమ్మ కదల్లేదు. “అత్తా, రేపు ఆయన వస్తే?”

“వస్తే నేనున్న గద. గొర్లున్నయ్. నీకేం ఫికర్?”

పోయినవాళ్లను వదిలెయ్యమనడం మునులకు సులువు. పుల్లమ్మ కొడుకును వదల్లేదు. అతని కోసం చూసే పని సుక్కమ్మ దగ్గర్నుంచి తాను తీసుకుంది, అంతే.

గడ్డిమనిషిని కట్టేటప్పుడు మాత్రం ఎవరినీ బతకనివ్వలేదు. “గంత పొట్టిగనా? నా కొడుకు తల వాసాలకు తాకేది! కాళ్లు పెంచుర్రి.”

“కాలేదానికి కొలతలెందుకు వదినా?” అన్నాడు గురవయ్య.

“కాలేది ఎవడనుకున్నవ్?”

విప్పి రెండుసార్లు కట్టారు. కబురొచ్చిన నాటి నుంచి ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది, గట్టిగా, ముడి వదులైందని మధ్యలో తిడుతూ.

దినాలు ముగిశాయి. మృగశిర వాన ఇంకా పడకముందే పుల్లమ్మ కోడలికి కొత్త చీర పెట్టి, వెంటబెట్టుకుని, నాలుగు గొర్రెలను ముందు తోలుకుంటూ తానే బీరప్ప ఊరికి నడిచింది. బీరప్ప ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చాడు.

“కూసో అత్తా,” అన్నాడు. అలా పిలవమని అతనికి ఎవరూ చెప్పలేదు.

పుల్లమ్మ కూర్చోలేదు. అతని గొర్రెల దొడ్డి చుట్టూ ఓ మారు తిరిగొచ్చింది. “అత్తనంటున్నవ్, మంచిదే. గిదేం కంపరా? గీ సందులకెల్లి తోడేలు పిల్లలతోని దూరుతది. గొడ్డలి దే.”

ఇద్దరూ తుమ్మకంప కొట్టడానికి బయలుదేరారు. సుక్కమ్మ గొర్రెలకు నీళ్లు తోడడానికి పోయింది.